ఊపిరి గంగాళం

సత్యశ్రీకి మనుషుల నోళ్లంటే రోత. అలాంటి మనిషి ఏరికోరి ఊపిరి పరీక్షల గదిలో ఉద్యోగానికి చేరడమేమిటని ఎవరైనా అడిగితే, చదివిన చదువుకి దొరికింది ఇదేనని చెప్పేది. విశాఖపట్నంలో బీచికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఛాతీ ఆసుపత్రి అది. పొద్దున గది తలుపు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆమె అనే మాటలు మూడే. పీల్చండి, ఊదండి, ఇంకా ఊదండి. ఎదురుగా కూర్చున్నవాళ్లు అట్టగొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి, కళ్లు తేలేసి ఊదుతారు. గొట్టం అంచున చొంగ కారుతుంది. మధ్యలో దగ్గు తెర వచ్చిందంటే ఆ తుంపరంతా ఈమె మాస్కు మీదే.

ఒక్కో నోటిది ఒక్కో కంపు. పోర్టు వైపు నుంచి వచ్చే కూలీలు దగ్గితే బొగ్గు మసి కళ్లె పడుతుంది. గుట్కా నమిలేవాళ్ల ఊపిరికి గదిలో ఏసీ కూడా ఓడిపోతుంది. ఉల్లిపాయ పెసరట్టు తిని నేరుగా వచ్చే ఆఫీసర్లది ఇంకో బాధ. తమ నోరు తమకి సువాసన కాబోలు, మొహంలో మొహం పెట్టి మరీ మాట్లాడతారు. కంచరపాలెంలో అద్దెగదికి చేరగానే సత్యశ్రీ ముందు మొహం కడుక్కునేది, తర్వాత ముక్కు లోపల కూడా కడుక్కునేది. హోటల్లో చెంచా ఇస్తే రుమాలుతో తుడిచి, నీళ్లతో కడిగి, చివరికి దాన్ని పక్కన పెట్టి చేత్తో తినేది.

ఈ రోతకి మొదలు భీమునిపట్నంలో, అందరూ భీమిలి అనే ఊళ్లో ఉంది. పేరు పాపాయమ్మ, సత్యశ్రీకి అమ్మమ్మ. సత్యశ్రీ వాళ్లమ్మ ఉక్కునగరం క్వార్టర్లలో వంటపనికి కుదిరి అక్కడే ఉండిపోతే, పిల్లని పెంచింది పాపాయమ్మే. తట్ట నెత్తినెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మేది. అడ్డపొగ తాగేది. ఈ వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, అడ్డపొగంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. సముద్రం గాలికి చుట్ట ఆరిపోకుండా ఆడవాళ్లు అలా అలవాటు పడ్డారని కొందరంటారు. కారణమేదైనా, ఆ నోరు తెరిచినప్పుడు చూడాలి. గారపట్టిన పళ్లు, నాలుక మీద బూడిద, పైన అంగుడు తెల్లగా ఉడికిపోయినట్టు. ఆ నోటితోనే పిల్లని ముద్దాడబోయేది. పిల్ల మొహం తిప్పేసుకునేది. "ఏటే గుంటా, నా నోరు సేదా?" అని పాపాయమ్మ పకపకా నవ్వేది.

నోరు అలా ఉందని మనిషి మురికిదనుకుంటే పొరపాటు. పాపాయమ్మ గిన్నె తోమితే ముందు లోపల తోమాలి, వేళ్లు అడుగుదాకా వెళ్లాలి, ఆ తర్వాతే బయట. పైపై మెరుగులు పెట్టి లోపల వదిలేస్తే గిన్నె తీసి వీధిలోకి విసిరేది. సత్యశ్రీ చేత ఎన్నిసార్లు మళ్లీ తోమించిందో లెక్కలేదు. ఇక ఎంగిలి మాట ఆమె దగ్గర ఎత్తకూడదు. ఒకరు కాల్చిన చుట్ట ముట్టదు, తన చుట్ట ఇంకొకరికివ్వదు, తోటి చేపలమ్మి చెంబు ఎత్తిపోసుకుని తాగినా సరే, దాన్ని ఇసకేసి తోమిగానీ తను తాగదు.

ఆసుపత్రి యజమాని డాక్టర్ సాయిశంకర్ ఊపిరితిత్తుల వైద్యంలో గట్టివాడు. ఆ మాట గిట్టనివాళ్లు కూడా కాదనరు. ఆయనకొక పిచ్చి ఉంది. పాతకాలంలో రోగుల ఊపిరిని పరీక్షించిన పనిముట్లు ఎక్కడ అమ్మకానికి వచ్చినా కొనేస్తాడు. ఆసుపత్రికి పాతికేళ్లు నిండుతున్నాయని కింది హాల్లో వాటితో ఒక మ్యూజియం తెరవాలనుకున్నాడు. కోల్‌కతాలో పాత సామాన్ల వేలం నుంచి పెట్టెలు దిగాయి. ఊపిరి సామాను కాబట్టి విప్పడం, తోమడం ఊపిరి గది మనిషి పనే అని సత్యశ్రీకి అప్పజెప్పాడు.

"నువ్వు కంప్యూటర్లో చూసే గీతలన్నిటికీ తాతలమ్మా ఇవి," అన్నాడు ఆయన కళ్లు మెరిపిస్తూ.

మొదలుపెడితే ఆయనకి ఆపడం రాదు. యంత్రాలు రాకముందు డాక్టరు ముక్కే యంత్రమట. చక్కెర జబ్బు ముదిరితే ఊపిరి మాగిన పండు వాసనేస్తుంది, మూత్రపిండాలు చెడితే ఉచ్చ కంపు కొడుతుంది, ఊపిరితిత్తిలో చీము పడితే కుళ్లు కంపు. అగ్గిపుల్ల గీసి రోగి మొహం ముందు కాస్త దూరంలో పట్టుకుని, నోరు బార్లా తెరిచి ఊదమనేవారట. ఆర్పలేకపోతే జబ్బున్నట్టే. ఆ తర్వాత ఊపిరిని కొలిచే పాత్రలొచ్చాయి, పట్టి ఉంచే సంచులొచ్చాయి, పట్టిన ఊపిరిలో ఏ గాలి ఎంతుందో విడదీసే గాజుగొట్టాలొచ్చాయి. చెప్పేటప్పుడు ఆయన చిన్నపిల్లాడైపోతాడు. వాసన పీల్చే పని మాత్రం చిన్నపిల్లలకి కాదు, సత్యశ్రీకి.

మొదటి పెట్టెలోంచి అలాంటి సంచి ఒకటి తీసింది. దిండు గలీబంత పెద్ద గుడ్డ సంచి, లోపల రబ్బరు పూత. ఆ పూత కరిగి, అతుక్కుని, తారు ముద్దలా తయారైంది. రోగి వీపున దీన్ని కట్టుకుని నడుస్తూ అందులోకి ఊపిరి వదిలేవాడట. అందులోకి ఎంతమంది వదిలారో, వాళ్లలో ఎంతమంది పోయారో. ముక్కు మూసే క్లిప్పుకి ఎండిపోయిన పొర ఒకటి అంటుకుని ఉంది. అది గుడ్డో చర్మమో తేల్చుకునే ధైర్యం ఆమెకి లేకపోయింది. పటకారుతో పట్టుకుని అద్దాల బీరువాలో పడేసింది.

అన్నిట్లోకీ డాక్టరుగారి ముద్దుబిడ్డ ఇత్తడి పాత్ర. పెళ్లిళ్లలో నీళ్లు కాచే గంగాళంలా ఉంటుంది. అందులో నీళ్లు పోసి, ఇంకో పాత్రని బోర్లించి, కప్పీ మీదుగా తాడుతో వేలాడదీస్తారు. గుడ్డ చుట్టిన లావుపాటి గొట్టం ఒకటి కిందనుంచి లోపలికి వెళుతుంది. గొట్టంలో ఊదితే బోర్లించిన పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత ఊపిరి ఉన్నట్టు. గొట్టం చివర నోరు పెట్టే చోట నల్లటి గట్టి రబ్బరు మూతి ఉంది, దాని మీద పంటిగాట్లున్నాయి.

"ఈ మూతి తీసేసి మన అట్టగొట్టం తగిలిద్దాం సార్," అంది సత్యశ్రీ.

"అమ్మో! ఆ పంటిగాట్లే కదమ్మా చరిత్ర. శుభ్రంగా తోము, చాలు."

తోమింది. చింతపండు, ఉప్పు వేసి, పూజసామాను తోమినట్టు తోమింది. ఇత్తడి తళతళలాడింది. తర్వాత గొట్టంలో ఫినాయిల్ నీళ్లు పోసి ఊపింది. లోపల ఏదో కదిలింది. గొట్టం వంచేసరికి మూతిలోంచి గోధుమరంగు ముద్ద ఒకటి జారి, తెగకుండా, సాగుతూ సింకులోకి వేలాడింది. దాంట్లో బొద్దింక రెక్కలు. పాడుబడ్డ సంపు మూత తీసినట్టు గుప్పుమంది వాసన. సత్యశ్రీ గొట్టం వదిలేసి పక్కనున్న బకెట్లో భళ్లున కక్కుకుంది.

లోపలికి తీగ దూర్చి, గుడ్డ కట్టి లాగాలని ఆమెకి తెలుసు. చెయ్యి రాలేదు. ముద్ద మళ్లీ లోపలికి జారేలా గొట్టం ఎత్తి పట్టుకుంది, మూతిని స్పిరిటుతో తుడిచింది, పైన గుడ్డకి కాస్త అత్తరు రాసింది. ఎలాగూ అద్దాల్లో పెట్టేదే కదా, ఇందులో ఊదే పిచ్చోడెవడని మనసుకి సర్దిచెప్పుకుంది.

ఆ పిచ్చి డాక్టరుగారికి మర్నాడే పుట్టింది. ప్రారంభం రోజున అందరి ముందూ ఊదించి చూపించాలి. ఎవరో ఆరోగ్యవంతుడు ఊదితే ఏం మజా, చరిత్ర ఉన్న ఊపిరి కావాలి. "అడ్డపొగ తాగేవాళ్లు ఇంకా ఉన్నారా ఇటువైపు?" అనడిగాడు. అడిగింది గాల్లోకే. సత్యశ్రీ నోరు ఊరుకోలేదు. పెద్దాయన కంట్లో పడాలన్న ఆశో, మొహమాటమో, "మా అమ్మమ్మ తాగుతుంది సార్" అనేసింది. అని, ఆ వెంటనే, "ఆమెకి నోట్లో పైన ఏదో పుండులా అయిందని మా అమ్మ అంటోంది, మీరొకసారి చూస్తే..." అని కూడా అంది. ఆమెకి నిజంగా కావలసింది ఆ రెండో మాటే.

పాపాయమ్మని భీమిలి బస్సులో తీసుకొచ్చింది. డాక్టరు టార్చి పట్టుకుని నోట్లోకి చూస్తుంటే సత్యశ్రీ గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లలో ఆ నోట్లోకి ఆమె సరిగ్గా తొంగిచూసిందే లేదు, ఇప్పుడూ చూడలేదు.

"అబ్బ! పుస్తకంలో బొమ్మలా ఉంది," అన్నాడు డాక్టర్ సాయిశంకర్ మురిసిపోతూ. తర్వాత సత్యశ్రీని పక్కకి పిలిచాడు. "ఒక మచ్చ ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. మన సర్జన్ చేత నేనే చేయిస్తాను. కానీ ఇప్పుడు కోస్తే ప్రోగ్రాంకి ఊదలేదు కదా. ఆ రోజు ఊదడం అయిపోగానే పైకి తీసుకెళ్లి తీయిద్దాం." పాపాయమ్మ వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఈలోగా మామ్మగారూ, మీ చుట్ట మానకండేం. ఆ రోజు అందరికీ చూపించాలి."

పాపాయమ్మ బస్సులో వెనక్కెళుతూ తెగ మెచ్చుకుంది. "డాట్రుబాబు మంచోడేనే. అందరూ మానీమంతారు, ఈ బాబు తాగమన్నాడు."

ఛాతీ డాక్టరు చుట్ట తాగమన్నాడు. సత్యశ్రీకి అప్పుడే నోట్లో ఏదో చేదు తగిలింది. అయినా ప్రోగ్రాం ఎంతో దూరంలో లేదులే అనుకుని ఊరుకుంది.

ప్రారంభం రోజున హాలంతా పూలదండలు, ఏసీ, కొత్త రంగు వాసన. గోడకి ఫ్లెక్సీ కట్టారు. దాని మీద "అడ్డపొగ: మన సజీవ వారసత్వం" అని పెద్ద అక్షరాలు. పాపాయమ్మ పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, ముక్కున బేసరితో వచ్చింది. ఆసుపత్రి ప్రచారం పనులు చూసే జాక్సన్ ఆమెని చూసి నీరుగారిపోయాడు.

"ఇలా కాదమ్మా, చేపలమ్మే చీర లేదా? తట్టైనా నెత్తిన పెట్టుకోండి, ఫొటో బాగుంటాది."

"పండగలాంటి రోజున సేపల తట్టేటి నాయినా? మంచి సీరకి నీసోసన అంటుకోదా?"

చివరికి ఎక్కడినుంచో కొత్త వెదురుబుట్ట ఒకటి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టారు. అందులో చేపల్లేవు, ప్లాస్టిక్ పూలున్నాయి. చూస్తుంటే సత్యశ్రీకి మంట పుట్టింది. దేని మీదో తెలియక తన వేళ్లు తనే గిల్లుకుంది.

ముఖ్య అతిథి సన్యాసిరాజుగారు, ఓడల్లో సరుకు ఎక్కించి దింపే వ్యాపారి. శాలువా కప్పించుకుని, పుష్పగుచ్ఛం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరుగారి ఉపన్యాసం అయ్యాక పాపాయమ్మ చేత చుట్ట ముట్టించారు. ఆమె నిప్పుకొస లోపలికి తిప్పి పెదాలు మూసింది. హాల్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ముందు వరసలో ఒకావిడ పమిటతో ముక్కు మూసుకుని, "ఛీ, ఎలా తాగుతుందండీ" అంటూనే ఫోను మాత్రం దించలేదు. "నోరు తెరవండి మామ్మా, నిప్పు కనబడాలి. ఇటు, ఇటు," అని జాక్సన్ కెమెరాని ఆమె పళ్ల దాకా తీసుకెళ్లాడు. పాపాయమ్మ ఎవరెటు తిరగమంటే అటు తిరిగి నోరు తెరిచింది. సంతలో గొడ్డుకి పళ్లు పట్టి చూస్తారే, అలాగ.

సత్యశ్రీకి డోకొచ్చింది. ఈసారి ఆ నోరు చూసి కాదు. గుండ్రంగా తెరుచుకుని నవ్వుతున్న మిగతా నోళ్లన్నిటినీ చూసి.

"ఇప్పుడు ఈ ఇత్తడి పాత్రలో ఊపిరి ఎలా కొలిచేవారో చూద్దాం," అన్నాడు డాక్టరు. ముందు సన్యాసిరాజుగారి చేత ఊదించాడు. గొట్టంలో గుడగుడమని చప్పుడైంది. "అది నీళ్ల చప్పుడు," అని డాక్టరు అందరికీ వివరించాడు. పాత్ర పైకి లేచింది, చప్పట్లు మోగాయి. సన్యాసిరాజుగారు పెదాలు నాక్కుని, "ఏదో పాతకాలపు రుచి తగిలిందండోయ్" అన్నారు. అందరూ నవ్వారు. తర్వాత డాక్టరుగారూ అదే మూతికి నోరు పెట్టి ఊదాడు. మళ్లీ గుడగుడ. వాళ్ల నోళ్లలోకి ఏం వెళుతోందో ఆ హాల్లో సత్యశ్రీ ఒక్కదానికే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. లోలోపల, కాస్త, సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం కూడా కంపు కొడుతున్నట్టే తోచింది.

మూడోది పాపాయమ్మ వంతు. చుట్ట తీసి పక్కన పెట్టింది. మూతిని ఆమె ముందుకి తెస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏటి బాబూ ఇది? ఇప్పుడా బాబు ఊదినాడు, నువ్వు ఊదినావు. మీ ఎంగిలి తీసి నాను నోట్లో ఎట్టుకోవాలేటి?"

హాలు గొల్లుమంది. సన్యాసిరాజుగారు మైకు అందుకుని, "నోట్లో నిప్పు పెట్టుకునే మనిషికి ఎంగిలి పట్టింపా!" అన్నారు.

"నిప్పుకి ఎంగిలుంటాదేటి బాబూ?" అంది పాపాయమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

డాక్టర్ సాయిశంకర్ చిరునవ్వు చెదరకుండా సత్యశ్రీ చెవి దగ్గరికి వంగాడు. ఆయన నోటి నుంచి ఏలకుల వాసన, దాని అడుగున ఇంకేదో. "కాస్త నచ్చజెప్పమ్మా. పైన సర్జన్ గారు రెడీగా ఉన్నారు. ఇది కాగానే వెళ్లిపోదాం. ఇది కాకపోతే ఎలా మరి?"

ఆ మాట పాపాయమ్మకీ వినబడింది.

"పైన డాట్రు సూడాలంటే ఇది ఊదాలా?" అని మనవరాలినడిగింది.

సత్యశ్రీ తల ఊపింది.

"దీన్ని తోమింది ఎవులు?"

"నానే అమ్మమ్మా."

పాపాయమ్మ మొహంలో ముడతలన్నీ విడిపోయాయి. "నువ్వు తోమినావా? ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే. ఆల్లు ఊదితే ఏటి, పైన పైట సెంగెట్టి తుడుసుకుంతాను. లోపల నువ్వు తోమినాక నాకు బయమేటి? నా సేత్తో నేర్పిన తోముడు." పట్టుచీర కొంగుతో మూతిని గట్టిగా తుడిచి, రెండు చేతులా గొట్టం పట్టుకుని నోరు తెరిచింది.

పైన సర్జన్ ఉన్నాడు. ఊదితే ముక్క తీస్తారు. ఒక్క ఊపిరి, అంతే. ఊదితే అమ్మమ్మ నోట్లో పుండు ఉన్న చోటే, తను గొట్టంలో దాచిపెట్టిన ఆ ముద్ద తగులుతుంది. సత్యశ్రీకి ఆలోచన పూర్తి కాలేదు. చెయ్యే ముందు వెళ్లి మూతికి అడ్డం పడింది.

"ఊదకు. పైపైనే తోమినాను. లోపల తోమలేదు."

ఊపిరి లెక్క చెప్పడానికి డాక్టరు అప్పుడే మైకు మళ్లీ అందుకున్నాడు. ఆ మాట హాలంతా వినబడింది.

"జోక్ చేస్తోంది," అన్నాడు డాక్టరు.

సత్యశ్రీ గొట్టాన్ని పాత్ర నుంచి లాగేసి, ఎత్తి, మూతిని బల్ల మీదికి వంచింది. తెల్లటి గుడ్డ మీదికి, శాలువాల పక్కకి, ఆ గోధుమరంగు ముద్ద జారిపడింది. తెగలేదు. సాగింది. దాని వెనకే ఇంకొంచెం నల్లటి నీళ్లు, రెక్కలు, ఒక బొద్దింక కాలు. ఏసీ గాలికి వాసన వరస వరసకీ పాకింది. ముందు వరస ఆవిడ ఈసారి ఫోను పడేసి పరిగెత్తింది. సన్యాసిరాజుగారు ఆ ముద్ద వంక చూశారు, తన నాలుక గుర్తొచ్చినట్టుంది, ఒళ్లోని పుష్పగుచ్ఛంలో ఉమ్మారు, మళ్లీ ఉమ్మారు, ఇక ఆగకుండా అందులోనే కక్కుకున్నారు. డాక్టరు అరచెయ్యి పెదాల మీద పెట్టుకుని నిలబడిపోయాడు. జాక్సన్‌కి కెమెరా ఆపాలని తోచలేదు.

పాపాయమ్మ మాత్రం మనవరాలినే చూస్తోంది. ఆ చూపులో మెప్పు లేదు.

"లోపల తోమకండా జనం ముందెట్టినావేటే?" అంది. "తెలిసుండీ ఆల్ల సేత ఊదించినావు కదే. ఆల్లు ఎలాటోల్లైతే ఏటి, నోరు నోరే కదా. ఛీ."

ఆ ఒక్క ఛీ ముందు హాల్లోని ఛీలన్నీ తేలిపోయాయి. సత్యశ్రీ గొట్టం బల్ల మీద వదిలేసి, పైన సర్జన్ దగ్గరికి అమ్మమ్మని లిఫ్టు వైపు నడిపించింది.

లిఫ్టు దగ్గర డాక్టరు ఎదురుపడ్డాడు. నోరు కడుక్కుని వస్తున్నాడు, మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. "పైకి అక్కర్లేదు. మీ అమ్మమ్మని ఎక్కడ చూపించుకుంటావో చూపించుకో. రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు."

"ఆ పుండు మీరు ఆ రోజే చూశారు సార్," అంది సత్యశ్రీ. "చూసి, చుట్ట మానొద్దన్నారు."

ఆయన ఏదో అనబోయాడు. అంతలోనే నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ వైపు నడిచాడు.

భీమిలి బస్సు ఆగే చోట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ ఇంకా ఉంది, సముద్రం మీంచి చెమట పట్టించే గాలి కొడుతోంది. పాపాయమ్మ రొంటిలోంచి చుట్ట తీసింది. సత్యశ్రీ దాన్ని చేతిలోంచి తీసుకుని, విరిచి, కాలవలో పడేసింది.

"నోరు తెరువమ్మమ్మా."

"ఇక్కడా? వొద్దే. నీకు రోత కదా."

"తెరువు."

ఫోను టార్చి వేసింది. పాపాయమ్మ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ తెరిచింది. చుట్ట కంపు, దాని కిందనుంచి కుళ్లిన కంపు. అంగుడంతా తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. కుడివైపు లోపలికి, చింతగింజంత పుండు. అంచులు గట్టిగా లేచి ఉన్నాయి, మధ్యలో పచ్చిగా, తడిగా ఉంది. సత్యశ్రీకి డోకు గొంతు దాకా వచ్చింది. మింగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. టార్చి మాత్రం తిప్పలేదు.

"ఎన్నాల్లయ్యింది ఇది?"

పాపాయమ్మ నోరు మూసుకుని తుడుచుకుంది. "ఎప్పుడో ఏసవిలో లేచినాది. అన్నం తింతే మంట."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"ఎలా సెప్పీదే? నాను నోరు తెరిస్తే నువ్వు మొకం తిప్పీసుకుంతావు కదా."

బస్సు వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, బస్సు వెళ్లిపోయింది. ఈ పూటకి కంచరపాలెంలోనే ఉండి, రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్దామని సత్యశ్రీ చెప్పింది. అక్కడ చీటీ రాయించడం, నోటి డాక్టరు గది వెతకడం, అంతా తను చూసుకుంటానంది. పాపాయమ్మ అలాగేనంది. ఇక పోదామని ఆమె లేవబోతే సత్యశ్రీ ఆమె గడ్డం పట్టుకుని ఆపింది. మొదటిసారి డోకుకి కళ్లు మసకబారి సగమే చూసింది. ఎడమవైపు ఏముందో తెలియలేదు.

"మల్లీ ఏటే?" అంది పాపాయమ్మ.

సత్యశ్రీ ఇంతసేపూ మొహం మీదే ఉన్న మాస్కు లాగేసి జేబులో పెట్టుకుంది. టార్చి వెలిగించి మొహం దగ్గరికి తీసుకెళ్లింది. ఆ ఊపిరి వచ్చి నేరుగా ఆమె ముక్కుకి తగిలింది.

"తెరువు," అంది. "ఇంకా. ఇంకా తెరువు."